తిరగేయడమే గొప్పా?

‘కోనోసుబా’ ఎందుకు బావుంటుందని ఎవర్నడిగినా వచ్చే జవాబు ఒకటే: “ఇసెకై ట్రోప్స్ అన్నిటినీ తిరగేశాడు కదా!” ఏడెనిమిదేళ్లుగా నేనూ ఇదే చెప్పుకుంటూ తిరిగాను. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర చెప్పాను. పెళ్లిచూపుల్లో కూడా ఒకసారి చెప్పాను (ఆ సంబంధం కుదరలేదు, కారణం ఇదే అయ్యుండదు లెండి). మొన్న సంక్రాంతికి మా చెల్లెలికి చెబుతూ దొరికిపోయాను. అప్పట్నుంచీ ఆ మాటంటే నాకు కోపం. ఈ వ్యాసం ఆ కోపంలోంచి వచ్చిందే.

నా ఫిర్యాదేమిటో ముందే చెప్పేస్తాను. “ట్రోప్‌ని తిరగేసింది” అన్న పొగడ్త ఈ షోకి రెండు అన్యాయాలు చేస్తోంది. ఇందులో నిజంగా గొప్పగా ఉన్నదాన్ని మనకి కనబడనివ్వట్లేదు. నాసిరకంగా ఉన్నదాన్ని అడగనివ్వట్లేదు.

చూడనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. ఇసెకై అంటే జపనీస్‌లో ‘వేరే లోకం’. దీనికో ఫార్ములా ఉంది. ఈ లోకంలో ఎందుకూ పనికిరాడనిపించుకున్న కుర్రాడు చచ్చిపోతాడు, చాలాసార్లు ట్రక్కు గుద్ది. కళ్లు తెరిచేసరికి వీడియో గేములాంటి లోకంలో ఉంటాడు. కత్తులు, మంత్రాలు, రాక్షసరాజు. ఇక్కడ వాడికి ఎవరికీ లేని శక్తి ఒకటి ఊరికే వచ్చిపడుతుంది. అభిమానుల భాషలో దాన్ని ‘చీట్’ అంటారు. 2004లో మొదలైన ‘షోసెత్సుకా ని నారో’ అనే జపనీస్ సైట్లో ఎవరైనా సీరియల్ రాసుకోవచ్చు. ఇలాంటి కథలు అక్కడ కుప్పలుతెప్పలుగా పుట్టాయి. అకాత్సుకి నత్సుమే రాసిన కోనోసుబా కూడా అక్కడ మొలిచిందే. 2013లో కడొకావా వాళ్లు దాన్ని పుస్తకంగా వేయడం మొదలుపెట్టారు. 2020లో పదిహేడో సంపుటంతో ప్రధాన కథ ముగిసింది. కనసాకి తకాఓమి దర్శకత్వంలో స్టూడియో దీన్ తీసిన అనిమే 2016 జనవరిలో వచ్చింది, రెండో సీజన్ 2017లో. సినిమా 2019లో, మూడో సీజన్ 2024లో వేరే స్టూడియోల నుంచి వచ్చాయి. పూర్తి పేరుకి అర్థం ‘ఈ అద్భుతమైన లోకానికి దీవెనలు’ అని. ఆ ‘అద్భుతమైన’లో ఎంత వెటకారం ఉందో మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసిపోతుంది.

సాతో కజుమా ఇంట్లోంచి కదలకుండా గేములాడుకునే కుర్రాడు. ఓ రోజు బయటికెళ్తే, ఒకమ్మాయి మీదికి ట్రక్కు దూసుకొస్తోందనుకుని ఆమెని పక్కకి తోసేసి తను ప్రాణం వదులుతాడు. తీరా చూస్తే అది ట్రక్కు కాదు, మెల్లగా వస్తున్న ట్రాక్టర్. దానంతటదే ఆగిపోయేదే. గుద్దేసిందేమో అన్న భయంతోనే వీడు పోయాడు. పైలోకంలో ఆక్వా అనే దేవత ఈ సంగతి చెప్పి పొట్ట పట్టుకుని నవ్వుతుంది. కొత్త లోకానికి ఏదైనా ఒక్కటి పట్టుకెళ్లొచ్చు అంటుంది. ఒళ్లు మండిన కజుమా “అయితే నువ్వే రా” అని దేవతనే ఎంచుకుంటాడు. అలా ఇద్దరూ ఆక్సెల్ అనే ఊళ్లో పడతారు. వీళ్లకి తోడు, రోజుకి ఒక్కటంటే ఒక్కటే పేలుడు మంత్రం వేసి కుప్పకూలిపోయే మెగుమిన్. ఎంత కత్తి ఊపినా ఎవరికీ తగలని, దెబ్బలు తినడమంటే మహా ఇష్టమైన డార్క్‌నెస్. ఇదీ దండు.

ఇక మా చెల్లెలి సంగతి. బ్యాంకులో పని చేస్తుంది. చిన్నప్పటి డోరేమాన్ తప్ప అనిమే ఎరగదు. ఇసెకై అనే మాటే వినలేదు. పండక్కి ఇంట్లో ఉన్నాం కదాని కూచోబెట్టి చూపించాను. పక్కనుంచి ఫుట్‌నోట్లు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను: “మామూలుగా ట్రక్కొస్తుంది, ఇక్కడ ట్రాక్టర్, అదీ జోకు.” చెప్పేలోపే అది నవ్వేసింది. ట్రక్కు సంప్రదాయం ఒకటుందని తెలీకుండానే. భయంతో చచ్చిపోయినవాడి ముందు కూర్చుని, చావు ఎలా జరిగిందో వివరంగా చదివి వినిపిస్తూ నవ్వే దేవత చాలు కదా నవ్వడానికి. ఆక్వాని చూసి “మన యముడే కదా అన్నయ్యా” అంది. నేను నోరు మూసుకున్నాను. నిజమే. 1977లో ‘యమగోల’ చూసిన జనం మనం. 1994లో ‘యమలీల’లో భవిష్యవాణి పుస్తకం పోగొట్టుకుని చిత్రగుప్తుణ్ణి వెంటేసుకుని భూమ్మీద తిరిగిన యముణ్ణి చూసిన జనం. తన డ్యూటీ తను సరిగా చేయలేని దేవుడు మనకి విప్లవమేమీ కాదు, ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చే చుట్టం.

సాహసికుడిగా పేరు నమోదు చేసుకోవాలంటే మనిషికి 1000 ఎరిస్ ఫీజు. ఇద్దరి దగ్గరా చిల్లిగవ్వ లేదు. అదెలాగో కట్టాక పొట్ట గడవడానికి ఊరి గోడ కట్టే పనిలో చేరతారు. పగలంతా గోడ పని, సాయంత్రం స్నానం, భోజనం, మందు, రాత్రికి గుర్రాలశాలలో గడ్డి మీద నిద్ర. కొన్నాళ్లకి గానీ కజుమాకి గుర్తురాదు, తను వచ్చింది రాక్షసరాజుని చంపడానికని. “వీళ్లు యుద్ధానికొచ్చారా, కూలికొచ్చారా?” అంటూ మా చెల్లి కళ్లు తుడుచుకుంది.

కాబట్టి మొదటి అన్యాయం ఇదీ. నవ్వు తిరగేయడంలోంచి రావట్లేదు. ఫార్ములా తెలిసినవాళ్లకి అదనంగా ఒక చిటికెడు ఉప్పు, అంతే. పేరడీ మీదే బతికే కథ అయితే అది వెక్కిరించే వస్తువు పోయిన రోజున తనూ పోతుంది. 1605లో ‘డాన్ కిహోటే’ వచ్చినప్పుడు అది వెక్కిరించిన వీరగాథలు స్పెయిన్‌లో అందరికీ తెలుసు. ఇవాళ వాటిని పరిశోధకులు తప్ప ఎవరు చదువుతున్నారు? అయినా ముసలి గుర్రం మీది ఆ మనిషి ఉన్నాడు. కోనోసుబాలో కూడా నవ్వించేది మనుషులే. ఫుకుషిమా జున్ గొంతులో కజుమా విసుగు, అమామియా సోరా గొంతులో ఆక్వా ఏడుపు. ఆ ఏడుపు మొదలవగానే ఆమె మొహం గీతలు కూడా క్రమశిక్షణ తప్పి కరిగిపోతాయి. చాలా షోలలో బొమ్మ చెడితే పొరపాటు. ఈ మొదటి రెండు సీజన్లలో బొమ్మ చెడడమే నటన. ఇదంతా “ట్రోప్ తిరగేశాడు” అన్న మాటలో ఎక్కడ పడుతుంది?

తిరగేయడం కాకపోతే ఇందులో ఉన్నదేమిటి అంటారా? నా లెక్కలో, బిల్లు.

ఆక్సెల్‌లో ప్రతి పనికీ ఎవరో ఒకరు బిల్లు పంపుతారు. ఇది షో పొడుగునా ఉంది. మెగుమిన్ రోజూ సాధన కోసం దూరంగా కొండ మీద పాడుబడ్డ కోటని పేలుస్తుంది. ఆ కోటలో నిజంగానే కాపురముంటున్న వెర్దియా, రాక్షసరాజు సేనానుల్లో ఒకడు, తల చంకలో పెట్టుకుని ఊరి గుమ్మం దగ్గరికొస్తాడు. “రోజూ నా ఇంటి మీద ఎవడ్రా అది” అన్నట్టు మొత్తుకుంటాడు. పై ఫ్లాట్ వాళ్ల డ్రిల్లింగ్ భరించలేక అసోసియేషన్ మీటింగుకొచ్చిన మనిషిలా ఉంటాడు. చివరికి ఆక్వా వరద తెప్పించి, అందరూ కలిసి అతన్ని ఓడిస్తారు. బహుమతి 30 కోట్ల ఎరిస్! అందరూ ఎగురుతుండగా గిల్డు ఉద్యోగిని ఇంకో కాయితం చేతిలో పెడుతుంది. ఆ వరదకి ఊళ్లో కూలిన ఇళ్లకి, గోడలకి నష్టపరిహారం 34 కోట్లు. మహాయుద్ధం గెలిచి 4 కోట్ల అప్పుతో ఇంటికెళ్లిన వీరులు వీళ్లు.

మామూలు ఇసెకైలో వీరుడి శక్తికి ఖరీదుండదు. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ అడగరు. కొన్నాళ్లకి వాడే దాన్ని తన ప్రతిభ అనుకోవడం మొదలెడతాడు. చదివేవాళ్లం మనమూ అలాగే అనుకుంటాం. కోనోసుబా ఈ అబద్ధాన్ని పట్టుకున్న చోటు మిత్సురుగి ఎపిసోడ్. మిత్సురుగి కూడా జపాన్ నుంచి వచ్చినవాడే, ఆక్వా దగ్గర మంత్రఖడ్గం పుచ్చుకుని దిగినవాడే. అందగాడు, మర్యాదస్తుడు, వెనక ఇద్దరమ్మాయిలు. దేవతని బోనులో పెట్టి తిప్పుతావా, గుర్రాలశాలలో పడుకోబెడతావా అని కజుమా మీద మండిపడి ద్వంద్వయుద్ధానికి పిలుస్తాడు. కజుమా ‘స్టీల్’ అనే చిల్లర విద్యతో ఆ ఖడ్గాన్నే లాక్కుని, దాంతోనే నెత్తిన ఒక్కటిచ్చి, తర్వాత దాన్ని అమ్మేసుకుంటాడు. ఖడ్గం పోయాక వీరుడిలో ఏం మిగిలింది? ఒక మర్యాదస్తుడైన కుర్రాడు మిగిలాడు, అంతే.

ఈ సీను మొదటిసారి చూసినప్పుడు నేను ఎందుకంత నవ్వానో చాలా రోజులకి గానీ తెలియలేదు. మా టీంలో ఆ ఏడాది అప్రైజల్స్ అయ్యాయి. నాకు మంచి రేటింగు, పక్క సీటు కుర్రాడికి చెడ్డది. నేను బాగా పని చేశాననే అనుకున్నాను. నిజానికి నాకు పడ్డ ప్రాజెక్టు అంతకుముందే ఎవరో చక్కగా కట్టిపెట్టింది. వాడికి పడ్డది ఎవరికీ అర్థంకాని పాత కోడు. అంతకుముందు ఇంటర్లో నా ర్యాంకు కూడా నా తెలివే అనుకున్నాను. రెండేళ్ల హాస్టలు ఫీజు కోసం నాన్న ఏం అమ్మారో ఉద్యోగం వచ్చాక గానీ తెలీలేదు. నా చేతిలో ఉన్నదీ ఎవరో ఇచ్చి పంపిన ఖడ్గమే. అది చేతిలో ఉండగా పక్కవాడికి కష్టపడడం గురించి సలహాలు కూడా ఇచ్చాను. మిత్సురుగిలాగే, మర్యాదగా.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు తప్పక చూడాల్సిన ఇంకో ముచ్చట మొదటి సీజన్ చివర్లో ఉంది. డిస్ట్రాయర్ అనే సాలీడు ఆకారపు కదిలే కోట దారిలో ఉన్నవన్నీ తొక్కుకుంటూ వస్తుంటుంది. లోపలికెళ్తే దాన్ని తయారుచేసినవాడి అస్థిపంజరం, పక్కనే డైరీ దొరుకుతాయి. ఆక్వా పైకి చదువుతుంది. పైవాళ్లు డిజైన్ అడిగారు, వీడికేమీ తోచలేదు. తెల్లకాయితం మీదికి సాలీడొచ్చింది, భయపడి చితక్కొట్టాడు. ఆ మరకతోనే కాయితం ఇచ్చేశాడు. డిజైన్ అద్భుతమని ఓకే అయిపోయింది! అందరూ నిశ్శబ్దంగా వింటారు, తర్వాత ఒళ్లు మండి అరుస్తారు. దేశాల్ని వణికించిన మహావిపత్తు వెనక దుర్మార్గుడి పథకమేమీ లేదు. గడువుకి భయపడ్డ ఒక ఉద్యోగి, చదవకుండా సంతకం పెట్టిన ఇంకొందరు. నా పదకొండేళ్ల సర్వీసులో ఇంతకంటే నిజమైన డిజైన్ రివ్యూ నేను చూడలేదు. దీన్నీ “ట్రోప్ తిరగేశాడు” అని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నాం.

ఇక రెండో అన్యాయం. ఇక్కడే మా చెల్లెలి దగ్గర దొరికిపోయాను.

మూడో ఎపిసోడ్‌లో క్రిస్ అనే దొంగ దగ్గర కజుమా స్టీల్ నేర్చుకుంటాడు. మొదటి ప్రయోగంలో అతని చేతికొచ్చింది ఆమె లోదుస్తు. దాన్ని గాల్లో తిప్పుతాడు. తిరిగివ్వాలంటే దానికెంత వెల కడతావో నువ్వే చెప్పు అంటాడు. ఆమె ఏడ్చుకుంటూ తన డబ్బులిచ్చుకుంటుంది. గంట నుంచీ నవ్వుతున్న మనిషి నవ్వు ఆపేసింది.

“ఇదేంటి?” అంది.

“పేరడీ. ఇలాంటి షోలని వెక్కిరిస్తున్నాడు.”

“మామూలు వాటిల్లో ఏం చేస్తారు?”

“ఇలాంటివే చేస్తారు.”

“మరి ఇందులో తిరగేసిందేముంది అన్నయ్యా?”

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అది కాఫీ పెట్టుకోవడానికి లేచి వెళ్లిపోయింది. నేను టీవీ ఆపేశాను.

‘తిరగేయడం’ అన్న మాట ఇక్కడ చేసే పని పూచీకత్తు. అదొకటి చేతిలో ఉంటే, మామూలు షోలో చీదరించుకునే సీనునే ఇందులో తెలివైన సీను అనేస్తాం. అది వెక్కిరింత కాదు, వాడకం. ఫార్ములాలో మిగతావన్నీ విప్పి చూసిన షో దీన్ని మాత్రం సీలు తీయకుండా అలాగే అమ్మేసింది.

అభిమానులు రెండు మాటలంటారు, ఆ రెండూ ఒకప్పుడు నావే. మొదటిది: “కజుమా చెత్తవాడని షోకి తెలుసు. అందరూ వాణ్ణి తిడతారు, ఊరంతా చెడ్డపేరొస్తుంది.” సరే, ఆ షో నేర్పిన పద్ధతిలోనే చూద్దాం, బిల్లు ఎవరికొచ్చింది? వరద తెస్తే అప్పు వచ్చింది. పొగరుగా ఖడ్గం తిప్పినవాడికి ఖడ్గం పోయింది. మంచుదేశపు సేనాని ముందు పడినప్పుడు కజుమా తలే తెగింది. ఈ ఒక్క చోట మాత్రం తప్పు చేసినవాడికి డబ్బులు, జరిగించుకున్న అమ్మాయికి బిల్లు. వాడికొచ్చిన చెడ్డపేరు కూడా శిక్షలా లేదు, వాడుకోవడానికి పనికొచ్చే పతకంలా ఉంది. అందాకా ఎందుకు, నేను పైన అంత మెచ్చుకున్న మిత్సురుగి సీనులోనే ఇది ఉంది. ఖడ్గం పోయాక అతని వెంట ఉన్న అమ్మాయిలు ‘ఇది అన్యాయం’ అంటారు. కజుమా తను అసలైన స్త్రీపురుష సమానత్వవాదినని, అవసరమైతే అమ్మాయిల్ని కూడా తన్నగలనని ప్రకటించి, స్టీల్ వాడతానన్నట్టు వాళ్ల మీదికి వేళ్లాడిస్తాడు. వాళ్లు పారిపోతారు. ఇంటర్నెట్టంతా ఆ సమానత్వం మాటని మీమ్‌గా పంచుకుంది. నేనూ పంచుకున్నాను. రెండు నిమిషాల తేడాలో ఈ షో చేసిన అత్యుత్తమమైన పని, అతి సోమరి పని పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదానికి మనమిచ్చిన మార్కులు రెండోదానికీ కలిపేసుకున్నాం.

రెండో మాట: “సరదా కామెడీ కదా బాస్, ఇంత పోస్టుమార్టం అవసరమా?” ఇది వింటే నాకు ఇంకా చిరాకు. ఇదే కామెడీని పొగడాల్సి వచ్చినప్పుడు ‘సబ్‌వర్షన్’, ‘డీకన్‌స్ట్రక్షన్’ అని బరువైన మాటలన్నీ దింపుతాం. ప్రశ్న రాగానే ‘సరదా’ అయిపోతుంది. అలా కుదరదు. కామెడీని గౌరవించడమంటే దాని జోకుల్ని ఒక్కొక్కటిగా అడగడం: ఇది ఎవరి ఖర్చుతో నవ్విస్తోంది? ఆ ప్రశ్నకి కోనోసుబాలో చాలా జోకులు నిక్షేపంగా నిలబడతాయి. అందుకే అడగమంటున్నాను. నిలబడనివాటిని కాపాడ్డానికి నిలబడేవాటిని కూడా ఒకే మూటలో కట్టేయొద్దంటున్నాను.

ఈ షోని తీసేయమనో, చూడొద్దనో అనట్లేదు. నేను మళ్లీ చూస్తాను. రోజూ పేలుడయ్యాక కదల్లేని మెగుమిన్‌ని వీపు మీద మోసుకుంటూ కజుమా గొణుక్కుంటూ ఇంటికి నడిచే దృశ్యం నాకు చాలా ఇష్టం. వాళ్లలో ఎవరూ ఎవరికీ లాభం కాదు. ఆక్వా దేవతగా దండగ, డార్క్‌నెస్ కత్తి దండగ. రేటింగులిచ్చే మేనేజరుంటే ఆ నలుగుర్నీ మొదటి క్వార్టర్లోనే పంపించేసేవాడు. అయినా రాత్రికి నలుగురూ ఒకే బల్ల దగ్గర తింటారు. పనికిరావడం, ప్రేమకి పాత్రుడవడం వేరువేరని ఇంత తిట్టుకుంటూ చెప్పిన కథలు తక్కువ. ఇందులో ఏ ట్రోపూ తిరగబడలేదు. పరమానందయ్యగారి శిష్యుల కాలం నుంచీ మనకి తెలిసిన సంగతే ఇది.

కాబట్టి ఈసారి ఎవరికైనా కోనోసుబా చూడమని చెప్పేటప్పుడు ఆ ఒక్క మాట వాడకుండా చెప్పి చూడండి. ఎక్కడ నవ్వొచ్చిందో చెప్పండి. ఎక్కడ రాలేదో అదీ చెప్పండి. ‘తిరగేశాడు’ అంటే సరిపోదు. దోసెని కూడా తిరగేస్తాం, మాడిందా లేదా అన్నది ఇంకో సంగతి.

మా చెల్లెలు ఆ రోజు లేచి వెళ్లిపోయింది గానీ, ఊరెళ్లాక తనే చూడ్డం మొదలెట్టిందట. ఆ సీన్లు వస్తే ముందుకి జరిపేస్తోందట. మొన్న రాత్రి రెండో సీజన్ మొదటి ఎపిసోడ్ చూసి మెసేజ్ పెట్టింది. డిస్ట్రాయర్ కథలో జమీందారు భవనం పేలిపోయినందుకు కజుమాని అరెస్టు చేసి, అబద్ధమాడితే మోగే గంట ముందు కూచోబెట్టి ప్రశ్నిస్తారు. వాడు పెద్ద పెద్ద ఆశయాలు చెబుతుంటే గంట మోగుతుంది. “నీ పక్కన ఒకటి పెట్టాల్సింది ఆ రోజు, పేరడీ అన్నప్పుడు మోగేది” అని రాసింది.

మోగేదే. ఏడెనిమిదేళ్ల నుంచీ మోగుతూ ఉండేది.